కారులో రోడ్డు హోరు, గడగడలు తగ్గించుకోవడం: వెతకడం నుంచి షీటు అతికించడం దాకా

కారులో శబ్దం తగ్గించాలనుకునేవాళ్లు చాలామంది ముందుగా డ్యాంపింగ్ షీట్లు, అంటే రేకు అదురును ఆపే జిగురు షీట్లు, కొంటారు. నిజానికి అది ఆఖరున చేయాల్సిన పని. అరిగిన టైరు, సస్పెన్షన్‌లో వదులైన లింక్ రాడ్, ఎండకు గట్టిపడిన డోర్ బీడింగ్ (డోరు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ), డిక్కీలో కొట్టుకుంటున్న జాకీ, వీటిలో ఏదీ షీటుకు లొంగదు. శబ్దం ఎక్కడ పుడుతోందో, ఏ దారిన లోపలికొస్తోందో ముందు తేల్చుకుంటే సగం పని పైసా ఖర్చు లేకుండా అయిపోతుంది. మిగతా సగానికి కావాల్సిన షీటు కూడా అనుకున్నదానికంటే బాగా తక్కువే.

ఇక్కడ చెప్పేదంతా ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మన ఊళ్లలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి అవే. వాటి రేకు పలచన, ఫ్యాక్టరీలో వేసే ఇన్సులేషన్ కూడా తక్కువ. పైగా హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ, మనం కూర్చునే చోటు ఒకే గది; మధ్యలో అడ్డం వెనక సీటు వీపు, డిక్కీ మీద కప్పే పార్సిల్ ట్రే, అంతే. అందుకే వెనక చక్రాల హోరు నేరుగా చెవి దాకా వస్తుంది. సెడాన్ అయినా ఎస్‌యూవీ అయినా పద్ధతి ఇదే, షీటు కొలత మారుతుందంతే.

శబ్దం వచ్చే దారులు

శబ్దం లోపలికి రెండు రకాలుగా చేరుతుంది. ఒకటి, లోహం ద్వారా. టైరు రోడ్డును కొట్టినప్పుడు పుట్టిన అదురు సస్పెన్షన్ మీదుగా బాడీకెక్కి, డోరు రేకును, నేల రేకును, డిక్కీ రేకును కదిలిస్తుంది. ఆ రేకులు లోపలికి శబ్దాన్ని చిమ్ముతాయి. రెండోది, గాలి ద్వారా. టైరు, గాలి, పక్కన పోయే లారీ చేసే చప్పుడు అద్దాల గుండా, పలచని రేకు గుండా, బీడింగ్ సందుల్లోంచి వస్తుంది.

ఈ రెండిటికీ మందు ఒకటి కాదు. మోగుతున్న కంచు పళ్లెం మీద వేలు పెడితే మోత ఆగినట్టు, రేకు మధ్యలో అతికించిన బ్యూటైల్ (ఒక రకం జిగురు రబ్బరు) షీటు దాని అదురును పీల్చేస్తుంది. షీటుపైన ఉండే అల్యూమినియం పొర ఇక్కడ అలంకారం కాదు. రేకు వంగినప్పుడు మధ్యలో ఉన్న మెత్తని బ్యూటైల్ అటు రేకుకూ ఇటు అల్యూమినియానికీ మధ్య సాగి నలుగుతుంది. ఆ నలుగుడులోనే అదురు వేడిగా మారిపోతుంది. మోగే చోట సరిగ్గా అతికిస్తే రేకు వైశాల్యంలో 25 నుంచి 40 శాతం చాలు. మొత్తం కప్పేస్తే బరువు, ఖర్చు పెరుగుతాయి గానీ ఫలితం ఆ లెక్కన పెరగదు.

గాలి ద్వారా వచ్చే శబ్దానికి కావాల్సింది బరువైన, సందు లేని అడ్డం. అడ్డం బరువు రెట్టింపైతే సిద్ధాంత ప్రకారం సుమారు 6 డెసిబెల్స్ ఎక్కువ ఆగుతుంది. సన్నని సందు మిగిలినా ఆ లాభంలో చాలా భాగం పోతుంది.

డెసిబెల్ లెక్క ఒక్కటి మనసులో పెట్టుకోండి. శబ్దం రెండు దారుల్లో సమానంగా వస్తున్నప్పుడు ఒక దారిని పూర్తిగా మూసేసినా తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 తగ్గాలి. నాలుగు డోర్లకు డ్యాంపింగ్ చేయించుకుని ‘పెద్ద తేడా ఏం లేదే’ అని నిరాశపడేవాళ్ల విషయంలో జరిగేది ఇదే. హోరు నేలనుంచి, వెనక చక్రాల మీదనుంచి వస్తూనే ఉంటుంది.

ముందు కొలవండి

ఇంటికి దగ్గర్లో సాఫీగా ఉండే ఒక రోడ్డు ముక్క ఎంచుకోండి. హైదరాబాద్ వాళ్లకు అవుటర్ రింగ్ రోడ్డు, కోస్తా వాళ్లకు 16వ నంబరు జాతీయ రహదారి బాగా పనికొస్తాయి. అద్దాలు ఎత్తి, ఏసీ బ్లోయర్, పాటలు ఆపి, 60లో ఒకసారి, 80లో ఒకసారి ఒకే వేగంతో నడపండి. పక్క సీట్లో ఉన్నవాళ్లు ఫోనును ప్రతిసారీ ఒకే చోట పట్టుకుని సౌండ్ మీటర్ యాప్‌లో అంకె రాసుకోవాలి, ఒక నిమిషం రికార్డింగ్ కూడా చేసుకోవాలి. ఫోను చూపే అంకె కచ్చితమైనది కాదు, కానీ అదే ఫోనుతో పనికి ముందూ తర్వాతా పోల్చుకోవడానికి సరిపోతుంది. యాప్‌లు మామూలుగా వాడే డీబీఏ లెక్క లోతైన గుమ్మనే ధ్వనిని తక్కువ చేసి చూపిస్తుంది. అందుకే రికార్డింగ్ అవసరం. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండూ వింటే అంకెలో కనపడని తేడా తెలుస్తుంది.

ఆ ప్రయాణంలోనే మరో మూడు విషయాలు గమనించండి. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి మారగానే హోరు మారితే అది టైర్లది. రోడ్డు మారినా మారకుండా, కొద్దిగా వంపు తిరిగినప్పుడు పెరగడమో తగ్గడమో జరిగితే వీల్ బేరింగ్‌ను అనుమానించాలి. అది సౌకర్యం సంగతి కాదు, భద్రత సంగతి, వెంటనే మెకానిక్‌కు చూపించండి. వెనక బండ్లు లేని తిన్నని రోడ్డు మీద కొన్ని క్షణాలు క్లచ్ నొక్కి చూస్తే ఇంజిన్ మోత వేరు, రోడ్డు మోత వేరు అని విడిపోతాయి.

టైర్ల దగ్గరే ఆగి ఇంకో మాట. గాలి మోతాదు మించితే టైరు గట్టిపడి ప్రతి చిన్న గతుకునూ బాడీకి అందిస్తుంది. డ్రైవర్ డోరు దగ్గర అతికించిన స్టిక్కర్ మీదున్న అంకె ప్రకారం, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి పెట్టించండి. పంక్చర్ షాపులో ‘కొంచెం ఎక్కువే ఉండనీ’ అన్నా ఒప్పుకోవద్దు. టైరు పక్కన డాట్ అక్షరాల తర్వాత ఉండే చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 1419 అంటే 2019లో 14వ వారం. ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడుతుంది, గట్టిపడ్డ రబ్బరు హోరెత్తుతుంది. అరచేతిని టైరు మీద రెండు దిక్కులా రాసి చూడండి. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున రంపపు పళ్లలా తగిలితే అరుగుదల సమంగా లేదన్నమాట. అలాంటి టైరు శబ్దాన్ని ఏ షీటూ ఆపలేదు. అలైన్‌మెంట్, షాక్ అబ్జార్బర్లు చూపించి టైరు మార్చుకోవడమే దారి.

టైరు మార్చినా ఒక సన్నని గుమ్మనే మోత మిగిలితే కంగారు పడకండి. చిన్న కారు టైరు లోపల గాలి తిరిగే వలయం పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. సెకనుకు దాదాపు 340 మీటర్లు పోయే శబ్దానికి ఆ వలయంలో 225 హెర్ట్జ్ దగ్గర ఒక సహజ స్వరం ఉంటుంది. గతుకు తగిలినప్పుడు వినపడే ఆ మోత ప్రతి కారులోనూ ఎంతో కొంత ఉంటుంది.

గడగడల వేట

నా దృష్టిలో ఈ పనంతటిలో ఎక్కువ తృప్తినిచ్చేది ఇదే. హోరుకు మనసు అలవాటు పడుతుంది. డ్యాష్‌బోర్డు మూలనుంచి వచ్చే టకటకకు ఎన్నాళ్లయినా అలవాటు పడదు. ఎలక్ట్రిక్ కార్లు కొన్నవాళ్లు దీన్ని ఇంకా బాగా గుర్తిస్తారు. ఇంజిన్ మోత లేదు కాబట్టి ప్రతి చిన్న చప్పుడూ బయటపడుతుంది.

ముందు కారు ఖాళీ చేయండి. డోరు పాకెట్లలో నీళ్ల సీసాలు, గ్లవ్‌బాక్స్‌లో పేపర్లు, పాత తాళాలు, కళ్లజోడు పెట్టె, డిక్కీలో గొడుగు, తాడు అన్నీ తీసేయండి. జాకీ, పానా వాటి గూట్లో బిగుతుగా ఉన్నాయా, స్టెప్నీని పట్టి ఉంచే మర బిగిసి ఉందా చూడండి. వెనక నంబరు ప్లేటును వేలితో కొట్టండి. రేకుకు తగిలి టపటపలాడితే వెనక రెండు నురుగు టేపు ముక్కలు చాలు. డిక్కీ తలుపు కింద అంచున ఉండే రబ్బరు స్టాపర్లు చాలా కార్లలో తిప్పితే పొడవు పెరుగుతాయి. వెనకనుంచి వచ్చే గడగడ చాలాసార్లు ఆ స్టాపర్లను కాస్త బయటికి తిప్పగానే పోతుంది. వెనక సీటు వీపు లాక్ అయ్యే కొక్కెం కూడా చప్పుడు చేస్తుంది, దానికి గుడ్డ టేపు ఒక చుట్టు చుట్టండి.

ఖాళీ కారుతో స్పీడ్ బ్రేకర్లున్న వీధిలోకి వెళ్లండి. నడిపేవాళ్లు వేరు, వెతికేవాళ్లు వేరుగా ఉండాలి. ఒక్కరే రెండూ చేయడం ప్రమాదం. వెతికేవాళ్లు ఒక్కో భాగాన్ని అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోవాలి: డోర్ ప్యాడ్ (డోరు లోపలి కవరు), సీట్ బెల్టు పిల్లర్ కవరు, ఏసీ వెంట్లు, మీటరు పైకప్పు, సన్ వైజర్, గ్లవ్‌బాక్స్. ఏది నొక్కినప్పుడు చప్పుడు ఆగిందో దొంగ అక్కడే ఉన్నాడు.

నిలిపిన కారులోనూ వెతకొచ్చు. ఫోనులో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, కారు స్పీకర్ల ద్వారా 30 హెర్ట్జ్ నుంచి 200 దాకా నెమ్మదిగా స్వరాన్ని పెంచండి, ధ్వని మధ్యస్థంగా ఉంటే చాలు. ఒక్కో అంకె దగ్గర ఒక్కో ప్లాస్టిక్ ముక్క జుర్రుమంటుంది. ఎక్కడ జుర్రుమందో పేపర్ టేపు ముక్క అతికించి, పక్కన ఆ అంకె రాసుకోండి.

ఇప్పుడు అది ఏ జాతి చప్పుడో చూడాలి. కిర్రుమనేది రాపిడి: రెండు ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని జారుతున్నాయి. టకటకమనేది ఖాళీ: మధ్యలో సందు ఉండి కొట్టుకుంటున్నాయి. రాపిడికి మధ్యలో మెత్తని ఫెల్ట్ టేపు పెట్టాలి. ఖాళీకి విరిగిన క్లిప్పు మార్చాలి లేదా సందులో పలచని నురుగు టేపు పెట్టాలి. కిర్రుమనే చోట మందపాటి ఫోమ్ కుక్కితే ముక్క పక్కకు జరిగి ఇంకోచోట చప్పుడు మొదలవుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వినపడి ఎండెక్కాక మాయమయ్యే చప్పుడు చాలావరకు ప్లాస్టిక్ ముక్కల మధ్య ఖాళీదే. వేడికి ప్లాస్టిక్ సాగి సందు మూసుకుంటుంది.

డోరు చుట్టూ ఉండే రబ్బరు కిర్రుమంటే తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్ వద్దు. నూనెకు దుమ్ము పట్టి జిగురవుతుంది, ఇంజిన్ ఆయిల్ అయితే ఆ రబ్బరును ఉబ్బిస్తుంది.

చప్పుడు కింద నుంచి వస్తోందా? చిన్న చిన్న గతుకుల్లో టక్‌టక్‌మని, పెద్ద గుంతలో పెద్దగా తెలియకపోతే లింక్ రాడ్‌ను, బుష్‌లను చూపించండి. స్టార్ట్ చేసి నిలబడ్డప్పుడు సన్నగా రేకు మోగితే సైలెన్సర్ పైనున్న హీట్ షీల్డ్ మర వదులై ఉంటుంది. ఇవి మెకానిక్ పనులు. ఇవి మిగిలి ఉండగా ట్రిమ్ (లోపలి ప్లాస్టిక్ కవర్లు) విప్పి ప్రయోజనం లేదు.

బీడింగ్, గాలి

ఒక కాగితాన్ని డోరు సందులో పెట్టి మూసి లాగండి. బిగుతుగా వస్తే బీడింగ్ బాగున్నట్టు, జారిపోతే అక్కడ ఒత్తిడి చాలట్లేదు. డోరు చుట్టూ పది చోట్ల ఇలా చూడండి. వేగం 90 దాటాక ఈల లాంటి చప్పుడు వస్తుంటే అనుమానం ఉన్న డోరు సందులన్నీ బయటనుంచి పేపర్ టేపుతో మూసేసి అదే రోడ్డు మీద వెళ్లండి. చప్పుడు పోతే దారి దొరికినట్టే. తర్వాత ఒక్కో వైపు టేపు తీస్తూ వెళ్తే ఏ మూలో తేలుతుంది. టేపు వేసిన డోరునుంచి దిగలేరు కాబట్టి డ్రైవర్ డోరును మాత్రం చివరికి, విడిగా పరీక్షించండి. ఎండకు చచ్చిపోయిన బీడింగ్‌కు అదే మోడల్ అసలు బీడింగ్ కొనడం మేలు. బజారులో మీటరు లెక్కన దొరికే అదనపు రబ్బరు వేస్తే డోరు పట్టక గట్టిగా కొట్టి వేయాల్సి వస్తుంది, కాలక్రమంలో లాక్ మీద భారం పడుతుంది.

ఏం కొనాలి

ఇంత చేశాక కూడా హోరు మిగిలితే అప్పుడు షీటు. మన వాతావరణంలో ఒక్క నియమం తప్పనిసరి: బ్యూటైల్ షీటే కొనండి, తారుతో చేసిన షీటు వద్దు. రెంటచింతల, రామగుండం, భద్రాచలం ఎండల సంగతి తెలిసిందే. ఆ ఎండలో నిలిపిన కారు పైరేకు 70 డిగ్రీలు దాటగలదు. తారు షీటు ఆ వేడికి మెత్తబడి నిలువు రేకు మీదనుంచి జారుతుంది, కారంతా తారు కంపు కొడుతుంది. డాబా లీకులకు వేసే అల్యూమినియం టేపులు చూడటానికి అచ్చం డ్యాంపింగ్ షీటులాగే ఉంటాయి, చవక కూడా. వాటిలో చాలావాటి లోపల ఉండేది తారే. కొనేముందు ఒక ముక్క అడిగి తెచ్చుకుని, రేకు మీద నిలువుగా అతికించి రెండు మధ్యాహ్నాలు ఎండలో ఉంచండి. జారినా, తారు వాసన వచ్చినా వదిలేయండి.

మందం 2 మి.మీ. సరిపోతుంది, అల్యూమినియం పొర 100 మైక్రాన్ల దరిదాపుల్లో ఉండాలి. గోటితో గీస్తే చిరిగే పలచని పొర ఉన్న షీటు అదురును ఆపడంలో బాగా వెనకబడుతుంది. డైనమాట్ లాంటి పేరున్న కంపెనీలవి కొన్నా, ఇక్కడి కంపెనీలవి కొన్నా చూడాల్సినవి ఈ రెండే. 2 మి.మీ. షీటు చదరపు మీటరుకు సుమారు 3 కిలోలు తూగుతుంది. హ్యాచ్‌బ్యాక్ నాలుగు డోర్లకు, డిక్కీకి కలిపి మూడు నుంచి నాలుగు చదరపు మీటర్లు సరిపోతుంది. అంటే 9 నుంచి 12 కిలోలు, కారుకు లెక్కలోకి రాని బరువు.

రెండోది క్లోజ్డ్ సెల్ ఫోమ్. నీళ్లు పీల్చని రకం కావాలి. ఏసీ డక్టులకు చుట్టే నల్లటి నైట్రైల్ ఫోమ్ హార్డ్‌వేర్ బజార్లలో దొరుకుతుంది, 6 మి.మీ. మందం, వెనక జిగురున్నది తీసుకోండి. స్పాంజిలాంటి ఫోమ్ డోర్లలో ఎట్టి పరిస్థితుల్లో వాడొద్దు. వానాకాలమంతా నీళ్లు పట్టుకుని రేకును తుప్పు పట్టిస్తుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరీ.

మూడోది మాస్ లోడెడ్ వినైల్, చదరపు మీటరుకు 5 కిలోల బరువైన మడత పడే షీటు. ఇది నేలకు మాత్రమే, అదీ మరీ పట్టుదల ఉంటేనే.

వీటితో పాటు గట్టి రబ్బరు లేదా స్టీలు రోలర్, ట్రిమ్ క్లిప్పులు ఊడదీసే ప్లాస్టిక్ పట్టీలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత బట్టలు, ఫెల్ట్ టేపు, మీ మోడల్ డోర్ క్లిప్పులు ఓ పది ఎక్కువ, మందపాటి చేతి తొడుగులు. చేతి తొడుగులు తప్పనిసరి. అల్యూమినియం అంచు బ్లేడులా కోస్తుంది.

డోర్లు

మొదటిసారి చేసేవాళ్లు ఒక డోరుకు సగం రోజు పెట్టుకోండి. నీడలో చేయాలి. రేకు మరీ కాలుతుంటే షీటు మొదటి తాకిడికే అంటుకుపోయి సర్దుకోవడానికి వీలుండదు.

అద్దం పూర్తిగా పైకెత్తి, ఆ తర్వాతే బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. కారు మాన్యువల్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగండి. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగున్న తీగలు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని విప్పొద్దు, లాగొద్దు, షీటుతో కప్పొద్దు. కొన్ని కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ కోసం డోరు లోపల ఒత్తిడి సెన్సర్ ఉంటుంది. డోరును ఏదైనా గుద్దినప్పుడు లోపలి గాలి ఒత్తిడి పెరగడాన్ని అది పసిగడుతుంది. మీ కారులో అది ఉంటే డోర్ ప్యాడ్ వెనకుండే పాలిథిన్ కవరును తిరిగి సందు లేకుండా అతికించడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

మరలు దాచే చోట్లు మామూలుగా మూడు: లోపలి హ్యాండిల్ వెనక చిన్న మూత కింద, చెయ్యి పట్టుకుని లాగే గూటి అడుగున, అద్దం మూల త్రికోణపు కవరు వెనక. అవి తీశాక కింది అంచునుంచి ప్లాస్టిక్ పట్టీ దూర్చి ఒక్కో క్లిప్పు ఊడదీయండి, చివర ప్యాడ్‌ను పైకి ఎత్తితే వస్తుంది. ఒక్కసారిగా లాగొద్దు, హ్యాండిల్ కేబులు, పవర్ విండో తీగ ఇంకా తగిలించే ఉంటాయి. విప్పే ముందు ప్రతిదాన్నీ ఫోటో తీసుకోండి.

వెనక పాలిథిన్ కవరు నల్లటి జిగురుతో అంటుకుని ఉంటుంది. చించకుండా, జిగురును వేళ్లతో విడదీస్తూ తీయండి. వాన నీళ్లు డోరులోకి రావడం సహజం. అవి లోపలికి రాకుండా కిందికి దారి చూపేది ఆ కవరే.

లోపలినుంచి బయటి రేకును వేలి గణుపుతో కొట్టుకుంటూ పొండి. మోగే చోటు, మొద్దుగా పలికే చోటు స్పష్టంగా తెలుస్తాయి. మోగేది దాదాపుగా ఆధారం లేని మధ్య భాగం. గుద్దుకున్నప్పుడు కాపాడటానికి అడ్డంగా ఉండే ఇంపాక్ట్ బీమ్‌కు పైనా కిందా ఉన్న ఆ ప్రాంతాన్ని దుమ్ము తుడిచి, ఆల్కహాల్‌తో రెండుసార్లు శుభ్రం చేసి, పూర్తిగా ఆరనివ్వండి. షీటును 20, 25 సెం.మీ. ముక్కలుగా కోసుకుంటే రంధ్రాల్లోంచి చెయ్యి పెట్టి అతికించడం తేలిక. వెనక కాగితం సగం తీసి, ఒక అంచు అతికించి, గాలి చిక్కకుండా రుద్దుకుంటూ మిగతాది తీయండి. తర్వాత రోలర్. షీటు మీద ముద్రలుంటే అవి చదునయ్యేదాకా బలంగా రుద్దాలి. ఈ పనిలో బద్ధకిస్తే మిగతా శ్రమంతా వృథా. సరిగా అంటని షీటు అదురును పీల్చదు, ఎండకు ఊడిపోతుంది. డిసెంబరు పొద్దున చేస్తుంటే హెయిర్ డ్రయ్యర్‌తో షీటును కాస్త వెచ్చబెట్టండి. వేసవిలో ఆ అవసరం రాదు.

డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. కింది అంచునుంచి రెండంగుళాల మేర ఏమీ అతికించొద్దు. అద్దం దిగే దారి, లాక్ కడ్డీలు, మోటారు కదిలే చోటు ఖాళీగా ఉండాలి. లోపల వేలాడే తీగలకు, కడ్డీ తొడుగులకు ఫెల్ట్ టేపు చుట్టండి. డోరు వేసినప్పుడు వచ్చే గలగలలో సగం వాటిదే.

లోపలి రేకుకున్న పెద్ద రంధ్రాలను షీటుతో పూర్తిగా మూసేయడం చాలా కార్ డెకార్ షాపుల పద్ధతి. స్పీకర్ శబ్దం బాగుపడే మాట నిజం. కానీ రేపు పవర్ విండో మోటారు పాడైతే ఆ జిగురంతా పీకాలి. పాటల కోసం కాకుండా ప్రశాంతత కోసం చేసేవాళ్లకు నా సలహా: రంధ్రాలు వదిలేయండి, వాటి చుట్టూ చదునైన రేకు మీద నాలుగైదు ముక్కలు వేయండి, పాలిథిన్ కవరును కొత్త బ్యూటైల్ తాడుతో తిరిగి అతికించండి. ప్యాడ్ వెనక భాగంలో రేకును తాకే చోట్ల ఫెల్ట్, విశాలమైన ఖాళీ ఉన్న చోట నైట్రైల్ ఫోమ్. క్లిప్పులు పట్టే చోటును ఫోమ్‌తో ఎత్తు చేయొద్దు, ప్యాడ్ కూర్చోదు.

మూసే ముందు తీగలు తగిలించి, బ్యాటరీ కలిపి, అద్దం పూర్తిగా దించి ఎత్తండి. లోపలి, బయటి హ్యాండిల్స్, సెంట్రల్ లాక్, స్పీకర్ చూసుకోండి. ఒక చెంబు నీళ్లు అద్దం అంచున పోస్తే అడుగు రంధ్రాల్లోంచి బయటికి రావాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే క్లిప్పులు నొక్కండి.

డిక్కీ, వెనక చక్రాలు

హ్యాచ్‌బ్యాక్‌లో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ఒక్క చోటే చేయగలనంటే డోర్ల కంటే ముందు ఇది చేయమంటాను. డిక్కీ కార్పెట్, పక్క ట్రిమ్‌లు తీస్తే రెండు పక్కలా చక్రాల గుమ్మటాలు కనిపిస్తాయి. రాళ్లు, ఇసుక, నీళ్లు తగిలేది వాటి అవతలి ముఖానికే. వంపు తిరిగిన రేకు కాబట్టి షీటును చిన్న చిన్న ముక్కలుగా కోసి వేసుకోండి. ఇక్కడ మాత్రం సగానికి పైగా కప్పడం న్యాయమే. దానిపైన నైట్రైల్ ఫోమ్ ఒక పొర. స్టెప్నీ గుంతలో సగం మేర షీటు చాలు, అడుగునున్న రబ్బరు బిళ్లలను కప్పొద్దు, నీళ్లు చేరితే తీయాల్సింది వాటినే.

పక్క ట్రిమ్ వెనక, బంపర్ దగ్గర, ప్లాస్టిక్ రెక్కలున్న గాలి కిటికీలు ఉంటాయి. డోరు వేసినప్పుడు, ఏసీ నడిచినప్పుడు లోపలి గాలి బయటికి పోయేది వాటిలోంచే. ఫోమ్‌తో మూసేస్తే డోర్లు పట్టవు, ఏసీ గాలి మందగిస్తుంది. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న కారులో గ్యాస్ గొట్టాలు, వాల్వు, గాలి పోయే తొడుగు దరిదాపుల్లో ఏమీ అతికించొద్దు. వెనక సీటు కింద పెట్రోలు పంపు మూత ఉంటే దానినీ వదిలేయండి.

అవతలి వైపు, అంటే చక్రం గుమ్మటానికి లోపల ప్లాస్టిక్ లైనర్ లేకపోతే వేయించండి. పై వేరియంట్‌లో ఫెల్ట్ లైనర్ వస్తుంటే అదే నంబరు పార్ట్ మీ కారుకూ పడుతుందేమో స్పేర్ పార్ట్స్ షాపులో కనుక్కోండి. రబ్బరు కోటింగ్ స్ప్రే రాళ్ల టపటపను తగ్గిస్తుంది. కొట్టేటప్పుడు బ్రేకులు, సైలెన్సర్, రబ్బరు బుష్‌లు, నీళ్లు పోయే రంధ్రాలు కప్పించుకుని దగ్గరుండి చేయించండి.

నేల

నేలకు ఫ్యాక్టరీలోనే గట్టి తారు పలకలు కరిగించి వేసి ఉంటారు. వాటిని పీకొద్దు. వాటి మధ్య మోగే చోట్ల నాలుగు ముక్కలు వేస్తే డ్యాంపింగ్ పని అయిపోయినట్టే. నేలకు ఇంకా కావాల్సింది బరువైన అడ్డం: కింద ఫోమ్, పైన మాస్ లోడెడ్ వినైల్, అతుకుల దగ్గర సందు లేకుండా. దీనికి సీట్లు, కార్పెట్ పూర్తిగా తీయాలి. సీట్ల కింద ఎయిర్‌బ్యాగ్, బెల్టు తీగలు ఉంటాయి. సీటు బోల్టులు నిర్ణీత బలంతో బిగించాలి. టార్క్ పానా లేనివాళ్లు ఈ పని అనుభవమున్న చోట చేయించుకోవడం మంచిది. డ్రైవర్ పాదాల దగ్గర పెడల్ కదలికకు అడ్డొచ్చేంత మందం వేయొద్దు. కార్పెట్ ఎత్తినప్పుడు కింద తడి కనపడితే పని ఆపి ముందు కారణం వెతకండి. ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోవడం అందులో చాలా మామూలు.

పైకప్పు, బానెట్

పైరేకు మీద వాన డప్పు కొట్టినట్టు మోగుతుంటే అక్కడ 25 శాతం షీటు అద్భుతంగా పనిచేస్తుంది. కానీ హెడ్‌లైనర్ (పైకప్పు లోపలి కవరు) దించడం సున్నితమైన పని, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న కారులో సొంతంగా తలపెట్టొద్దు. బానెట్ కింద వేయడం వల్ల లోపల పెద్ద తేడా రాదు. వేయాలనుకుంటే వేడికి, మంటకు తట్టుకునే రకమే వేయాలి.

పని అయ్యాక

అదే రోడ్డు, అదే వేగం, అదే టైరు గాలి, అదే ఫోను. అంకెలో కొద్ది డెసిబెల్సే తగ్గి ఉంటాయి. రికార్డింగ్‌లు పక్కపక్కన వింటే గుమ్మనే లోతు తగ్గడం, రాళ్ల టపటప మొద్దుబారడం తెలుస్తుంది. హోరు తగ్గాక అంతకుముందు దాని కింద దాగిన చిన్న చప్పుళ్లు బయటికొస్తాయి, వాటికి టోన్ జనరేటర్‌తో మరో విడత వేట అవసరం పడుతుంది. డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరకుండా వెలుగుతుంటే కారు వాడకం ఆపి సర్వీస్ సెంటర్‌లో చూపించండి. బ్యాటరీ తీసినందువల్ల ఒక్క నొక్కుతో పైకి వెళ్లే అద్దం ఆగిపోతే మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో దాన్ని మళ్లీ నేర్పాలి.

మొదటి పెద్ద వాన తర్వాత నాలుగు వైపులా కార్పెట్ అంచులు ఎత్తి అరచేత్తో తడి చూడండి, స్టెప్నీ గుంతలోనూ చూడండి. ఎక్కడైనా చెమ్మ తగిలితే ఆ డోరు ప్యాడ్ మళ్లీ విప్పి, పాలిథిన్ కవరు జిగురు ఏ మూల వదిలిందో వెతికి, అక్కడ కొత్త బ్యూటైల్ తాడు నొక్కండి.